చిన్న తొట్టిలో పగడాలు: నీళ్లు మార్చే పద్ధతి

పగడం చూడటానికి రాయిలాగో పువ్వులాగో ఉన్నా నిజానికి అది జంతువు. పాలిప్ అనే మెత్తని చిన్న జీవులు వందలు, వేలుగా ఒకచోట కలిసి బతికితే ఒక పగడం అవుతుంది. ఒక్కో పాలిప్‌కు మధ్యలో నోరు, చుట్టూ వేళ్లలాంటి స్పర్శకాలు ఉంటాయి. దాని ఒంట్లోనే కంటికి ఆనని నాచు కణాలు కాపురం ఉంటాయి. వెలుతురులో ఆ నాచు తయారుచేసే చక్కెరలే చాలా పగడాలకు ముఖ్యమైన ఆహారం. పగడం వదిలే వ్యర్థాలు నాచుకు ఎరువు. గట్టి పగడాలు దీనికి తోడు నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను తీసుకుని సున్నపురాయి గూడు కట్టుకుంటాయి. తిండి, గూడు, ఊపిరి అన్నిటికీ పగడానికి నీరే ఆధారం. నీరు నచ్చకపోతే చేప కాస్త పక్కకు పోగలదు. పగడానికి ఆ వీలు లేదు, అంటుకున్న చోటే బతకాలి, లేదా చావాలి. అందుకే ఇంట్లో పగడాలు పెంచడమంటే ముఖ్యంగా నీటిని సాకడమే.

పగడపు దిబ్బలుండే ఉష్ణమండల సముద్రంలో నీటి గుణం ఏడాది పొడవునా పెద్దగా మారదు. కిలో నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. లీటరుకు కాల్షియం సుమారు 410 నుంచి 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటాయి. ఆమ్లాన్ని తట్టుకునే శక్తిని క్షారత అంటారు. అక్వేరియం పెంపకందారులు వాడే కేహెచ్ కొలమానంలో అది 7 డిగ్రీల చుట్టూ ఉంటుంది. పీహెచ్ 8.1, 8.2. నైట్రేట్, ఫాస్ఫేట్ లేశమాత్రం. ఈ నిలకడ లేనిచోట పెద్ద దిబ్బలు పెరగడం కష్టం. గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చే మంచినీరు, ఒండ్రు ఆంధ్ర తీరంలో పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి ముఖ్యమైన కారణం. మన దేశంలో వాటిని చూడాలంటే మన్నార్ సింధుశాఖకో, కచ్ సింధుశాఖకో, లక్షద్వీప్‌కో, అండమాన్ నికోబార్ దీవులకో పోవాలి.

ఇక గాజు తొట్టి సంగతి. 60 లీటర్ల తొట్టిని ఉదాహరణగా తీసుకుంటే, రాళ్లూ ఇసుకా పోను అందులో నిలిచే నీరు దాదాపు 50 లీటర్లు. సముద్రంలో ఏళ్లు పట్టినా రాని మార్పు ఇంత కొద్ది నీటిలో రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అన్నిటికంటే ముందు తేడా పడేది ఉప్పదనం. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. నౌపడ, చినగంజాం ఉప్పుమళ్లలో ఎండ చేసే పనే ఇక్కడ నెమ్మదిగా జరుగుతుంది. రోజుకు ఒక లీటరు ఆవిరైపోయి మూడు రోజులు ఎవరూ పట్టించుకోకపోతే కిలోకు 35 గ్రాములు ఉండాల్సిన ఉప్పదనం 37 దాటుతుంది. ఇంటివారు ఊరెళ్లి వారం తరువాత వస్తే అది 40 దాటి ఉంటుంది. అందుకే రోజూ తగ్గిన మేరకు ఉప్పులేని శుద్ధమైన నీరు పోయాలి. ఉప్పునీరు పోస్తే ఉప్పదనం ఇంకా పెరుగుతుంది. తొట్టి అంచున టేపుతో ఒక గీత పెట్టుకుని నీటిమట్టం ఎప్పుడూ ఆ గీత దగ్గరే ఉండేలా చూడటం చాలా తేలికైన పని. మట్టం తగ్గగానే నీళ్లు నింపే చిన్న పంపులు కూడా దొరుకుతున్నాయి. చిన్న తొట్టికి మొదట కొనవలసిన పరికరం అదే. ఆవిరైన నీటిని నింపడం వేరు, నీళ్లు మార్చడం వేరు. కొత్తగా మొదలుపెట్టినవారు తరచుగా ఈ రెంటినీ ఒకటే అనుకుంటారు.

నీళ్లు మార్చాల్సిన అవసరం వచ్చేది తొట్టిలో పేరుకుపోయేవాటి వల్ల, ఖర్చయిపోయేవాటి వల్ల. చేపలకు వేసే తిండి చివరికి అమ్మోనియాగా మారుతుంది. అది విషం. రాళ్ల మీద, ఇసుకలో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. రాతి లోపల ఆక్సిజన్ అందని రంధ్రాల్లో వేరే బాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపుతాయి. చిన్న తొట్టిలో రాయి తక్కువ, తిండి ఎక్కువ కావడంతో ఈ చివరి మెట్టు సరిగా సాగదు, నైట్రేట్ మిగిలిపోతుంది. ఇంకోవైపు కాల్షియం, క్షారత, సూక్ష్మ మూలకాలు పగడాల ఒంట్లోకి పోయి నీటిలో తరిగిపోతాయి. కొంత పాత నీరు తీసి, కొత్తగా కలిపిన ఉప్పునీరు పోస్తే పేరుకున్నది పలుచనవుతుంది, తరిగినది కొంత తిరిగి వస్తుంది.

ఒకప్పుడు సముద్రానికి దగ్గరగా ఉన్నవారికి నీటి విషయంలో ఈ బాధ అంతగా ఉండేది కాదు. ఇండొనేషియాలోని జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే పెంపకందారు సముద్రపు నీరు, జీవంతో నిండిన పగడపు రాళ్లు, గాలి బుడగలు, సూర్యకాంతి, ఇవి మాత్రమే వాడి పగడాలను బతికించారు. 1961లో ఆయన ఆ పద్ధతిని అమెరికా అక్వేరియం పత్రికలో వివరించారు. తరువాతి దశాబ్దాల్లో జర్మనీ పెంపకందారులు ఆ రాళ్లకు, నురుగుతో వ్యర్థాలను లాగేసే ప్రొటీన్ స్కిమ్మర్‌ను, బలమైన దీపాలను జోడించి, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో కూడా గట్టి పగడాలను పెంచగలిగారు. తొట్టి ఎంత పెద్దదైతే అంత క్షేమం అన్నది అప్పటి సూత్రం. అది ఇప్పటికీ నిజమే. అయినా వేడి తక్కువగా ఉండే ఎల్‌ఈడీ దీపాలు, చప్పుడు లేని చిన్న పంపులు వచ్చాక బల్ల మీద పట్టే 40, 60 లీటర్ల తొట్లు మామూలయ్యాయి. పెద్ద తొట్టిలో నీరు ఎక్కువ కావడం వల్ల దానంతట అదే కలిగే రక్షణ చిన్న తొట్టికి ఉండదు. ఆ లోటును తీర్చేది వారం వారం నీళ్లు మార్చడం.

ఎంత మార్చాలి అన్నదానికి లెక్క ఉంది. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు పదో వంతు నీరు మారిస్తే 36కు దిగుతుంది. సగం నీరు ఒకేసారి మారిస్తే 20కి దిగుతుంది. పదో వంతు చొప్పున అయిదుసార్లు మారిస్తే, కలిపి చూస్తే సగం నీరు మార్చినట్టే అయినా, 24 దగ్గర ఆగుతుంది. కొత్తగా పోసిన నీటిలోంచి కూడా ప్రతిసారీ కొంత తీసేస్తున్నాం కాబట్టి ఆ కాస్త నష్టం తప్పదు. ఇంకో లెక్క దీనికంటే ముఖ్యమైనది. వారానికి లీటరుకు 2 మిల్లీగ్రాముల నైట్రేట్ చేరే తొట్టిలో ప్రతి వారం పదో వంతు మారుస్తూ పోతే నైట్రేట్ ఎప్పటికీ సున్నా కాదు, అలాగని హద్దు లేకుండా పెరిగిపోదు. 18కి, 20కి మధ్య స్థిరపడుతుంది. అయిదో వంతు మారిస్తే 8కి, 10కి మధ్య నిలుస్తుంది. తిండి సగానికి తగ్గిస్తే అదే పదో వంతు మార్పుతో దాదాపు అదే ఫలితం వస్తుంది. నీళ్ల బకెట్టు ఎంత పని చేస్తుందో తిండి డబ్బా మూత కూడా అంతే పని చేస్తుందని ఈ లెక్క చెబుతోంది. మెత్తని పగడాలకు, కండ కలిగిన పెద్ద పాలిప్‌ల పగడాలకు 5 నుంచి 10 వరకు నైట్రేట్ ఉన్నా ఇబ్బంది లేదని పెంపకందారుల అనుభవం. ఫాస్ఫేట్ సంగతి కొంచెం వేరు. అది రాళ్లలోని సున్నానికి అంటుకుని, నీటిలో తగ్గినప్పుడల్లా మళ్లీ బయటికి వస్తుంది. ఒక్కసారి నీళ్లు మార్చి మర్నాడు పరీక్షిస్తే పాత అంకే కనిపించడానికి కారణం ఇదే. దానికి నెలల ఓపిక కావాలి.

కాల్షియం, క్షారతల విషయంలో నీటి మార్పిడి మీద ఉన్నదానికి మించి ఆశ పెట్టుకోకూడదు. చిన్న తొట్టిలో నాలుగైదు గట్టి పగడాలు బాగా పెరుగుతూ రోజుకు 0.2 డిగ్రీల క్షారత తింటే వారానికి 1.4 డిగ్రీలు తరిగిపోతుంది. 8 ఉన్నది 6.6 అవుతుంది. అప్పుడు 8 డిగ్రీల కొత్త నీరు పదో వంతు పోస్తే తిరిగి వచ్చేది 0.14 మాత్రమే. తరిగినదాంట్లో పదో వంతు అన్నమాట. మెత్తని పగడాలు, గుండీల్లా గుంపుగా పెరిగే జోయాంథిడ్‌లు, పుట్టగొడుగు పగడాలు ఉన్న తొట్టికి నీటి మార్పిడి ఒక్కటే సరిపోతుంది. అవి గూడు కట్టవు కాబట్టి కాల్షియం పెద్దగా తినవు. గట్టి పగడాలు పెరిగేకొద్దీ కాల్షియాన్ని, క్షారతను విడిగా రోజూ కొంచెం కొంచెంగా అందించాలి. దానికి పాత పద్ధతి సున్నపు తేట. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌ను నీటిలో కలిపి, పైకి తేరిన తేటను ఆవిరైన నీటికి బదులుగా రాత్రిపూట చుక్కలు చుక్కలుగా పోస్తారు. జర్మన్ పెంపకందారుల వల్ల ఇది ప్రచారంలోకి వచ్చింది. తేట పీహెచ్ 12కు పైగా ఉంటుంది. గబుక్కున ఒంపితే తొట్టిలో ఉన్నదంతా చస్తుంది. తాంబూలానికి వాడే సున్నం ఇందుకు పనికిరాదు.

కొత్త నీరు తయారుచేయడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. మొదటిది మంచినీటి ఎంపిక. బోరు నీటిలో కరిగిన లవణాలు, కొన్నిచోట్ల నైట్రేట్ ఎక్కువ. మున్సిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఇత్తడి అమరికల నుంచి వచ్చే రాగి లేశమాత్రమైనా వెన్నెముక లేని జీవులకు విషమే. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా వంటింటి ఆర్‌ఓ నీరు చాలునని చాలామంది అనుకుంటారు. ఆ యంత్రాలు తాగడానికి తయారైనవి. రుచి కోసం చాలావాటిలో కొంత శుద్ధి కాని నీటినే తిరిగి కలిపే ఏర్పాటో, ఖనిజాలు కలిపే గొట్టమో ఉంటుంది. 20 లీటర్ల వాటర్ క్యాన్‌లో కూడా లవణాలుంటాయి. పగడాలకు కావలసింది ఆర్‌ఓ తరువాత రెజిన్ గొట్టం గుండా కూడా పోయి, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరులో సున్నా చూపే నీరు. ఏసీ నుంచి కారే నీరు శుద్ధమైనదని వాడేవారూ ఉన్నారు. ఆ నీరు లోహపు రేకులు, గొట్టాల మీదుగా కారి వస్తుంది కాబట్టి దాన్ని తొట్టి దరికి రానీయకూడదు.

తరువాతిది ఉప్పు. సముద్రం నుంచే కదా వచ్చింది, రాళ్లుప్పు ఎందుకు పనికిరాదన్న ప్రశ్న సహజమే. ఉప్పుమడిలో నీరు చిక్కబడేటప్పుడు కాల్షియం మొదట సున్నంగా, తరువాత జిప్సంగా అడుగున పడిపోతుంది. ఆ తరువాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియంలో ఎక్కువ భాగం చివరికి మిగిలిన చేదు నీటిలో ఉండిపోతుంది. అందువల్ల రాళ్లుప్పు దాదాపుగా ఉత్త సోడియం క్లోరైడ్. పగడానికి గూడు కట్టే సరుకు అందులో లేదు. అక్వేరియం కోసం తయారుచేసే ఉప్పులో ఇవన్నీ మళ్లీ సరైన పాళ్లలో కలుపుతారు. విశాఖ తీరంలో బిందెతో నీరు ముంచుకొచ్చినా చిక్కులే. తీరం దగ్గర మురుగు, నూనె కలిసి ఉంటాయి. వర్షాకాలం తరువాత నదుల నీరు చేరి బంగాళాఖాతం పైనీటి ఉప్పదనం బాగా పడిపోతుంది.

60 లీటర్ల తొట్టికి వారానికి 5 లీటర్లు మార్చాలంటే పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది. సబ్బు ఎన్నడూ తగలని, ఈ పనికి మాత్రమే ఉంచిన బకెట్టులో 5 లీటర్ల శుద్ధమైన నీరు పోసి, చిన్న పంపు, అవసరమైతే హీటరు వేస్తారు. ఉప్పును కొద్దికొద్దిగా నీటిలో వేయాలి. ఉప్పు మీద నీరు పోస్తే అడుగున చిక్కదనం ఎక్కువై కాల్షియం కార్బొనేట్ విరిగి నీరు పాలలా తెల్లబడుతుంది. ఆ బకెట్టు ఇక పారబోయవలసిందే. 5 లీటర్లకు 180 నుంచి 200 గ్రాముల ఉప్పు పడుతుంది. బ్రాండును బట్టి ఇది మారుతుంది కాబట్టి తూకాన్ని నమ్మి ఊరుకోకుండా రిఫ్రాక్టోమీటరుతో ఉప్పదనం కొలవాలి. ఆ పరికరాన్ని కూడా 35 ఉప్పదనం గల ప్రమాణ ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. తేలే ముల్లు ఉండే చవక పరికరాల్లో ముల్లుకు చిన్న గాలిబుడగ అంటుకుంటే చాలు, అంకె తప్పుతుంది.

మర్నాడు కొత్త నీటి ఉప్పదనం, వేడి తొట్టి నీటితో సమానంగా ఉన్నాయో లేదో చూశాకే తొట్టి ముట్టుకోవాలి. హీటరు, పంపులు, నీరు నింపే యంత్రం ఆపేస్తారు. మట్టం తగ్గినప్పుడు హీటరు నీటి బయట కాలుతుంటే దాని గాజు పగిలిపోతుంది. రబ్బరు బల్బు ఉన్న గొట్టంతో రాళ్ల సందుల్లోకి నీరు కొట్టి మడ్డిని లేపుతారు. అది కిందికి దిగేలోపు సన్నని గొట్టంతో మడ్డితో సహా నీరు లాగేస్తారు. అయిదు లీటర్లు ఎలాగూ తీయాలి కాబట్టి ఆ అయిదు లీటర్లూ మురికి నీరే అయ్యేలా చూసుకోవడంలో నేర్పుంది. ఇసుకను ఒక్కసారే అంతా కెలకకూడదు. ఈ వారం ఒక మూల, వచ్చే వారం ఇంకో మూల. పైనున్న పగడం కాసేపు నీటి బయటికి వచ్చినా కంగారు అక్కర్లేదు. ఆటుపోట్లలో దిబ్బల మీది పగడాలు కూడా అలా బయటపడుతుంటాయి. కొత్త నీటిని పగడం మీద కాకుండా గాజు పక్కగా నెమ్మదిగా పోస్తారు.

గొట్టాన్ని నోటితో పీల్చకూడదన్నది కచ్చితంగా పాటించాల్సిన మాట. జోయాంథిడ్ జాతి పగడాల్లో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. హవాయి దీవుల్లో సేకరించిన అలాంటి జీవుల నుంచే దాన్ని వేరుచేసిన సంగతిని 1971లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అది ఒకటి. చేతికి తొడుగులు వేసుకోవాలి. ఆ పగడాలున్న రాళ్లను గీకడం, వేడినీళ్లు పోయడం, ఉడకబెట్టడం ప్రాణం మీదికి తెస్తాయి. పిల్లలున్న ఇంట్లో ఇంకా జాగ్రత్త అవసరం.

నీళ్లు మార్చాక గంటసేపు పగడాలు ముడుచుకుని ఉండటం మామూలే. మర్నాటికీ విచ్చుకోకపోతే ముందుగా ఉప్పదనాన్ని, వేడిని అనుమానించాలి. రంగు మురికి గోధుమకు తిరిగితే చాలాసార్లు పోషకాలు ఎక్కువై లోపలి నాచు పెరిగిపోయిందని అర్థం. వెలిసిపోతుంటే వెలుతురు మితిమీరిందేమో, నీటిలో పోషకాలు మరీ అడుగంటాయేమో చూడాలి. మొదలు నుంచి కండ ఊడి తెల్లని ఎముక బయటపడుతుంటే చాలాసార్లు క్షారత ఎగుడుదిగుడే కారణం. కొన్ని కంపెనీల ఉప్పు కలిపితే నీటి క్షారత 12 డిగ్రీల దాకా ఉంటుంది. తొట్టి 7.5 దగ్గర ఉన్నప్పుడు ఆ నీరు సగం మారిస్తే ఒక్క దెబ్బకు 9.75కు లేస్తుంది. అదే నీరు పదో వంతు పోస్తే 8 కూడా దాటదు. నీరు పాడైందని భయపడి ఎడాపెడా మార్చేవారి తొట్లలో పగడాలు చావడానికి ఇలాంటి కుదుపులే కారణం.

నీరు ఎంత శుభ్రంగా ఉంటే అంత మేలన్న నమ్మకం కూడా సరికాదు. హవాయిలోని వైకీకీ అక్వేరియంలో బావి ద్వారా తోడిన సముద్రపు నీరు వాడతారు. అందులో పోషకాలు దిబ్బల దగ్గరి నీటికంటే ఎక్కువ, పీహెచ్ తక్కువ. అయినా అక్కడ పగడాలు ఏళ్ల తరబడి చక్కగా పెరిగాయని 1995లో పరిశోధకులు ప్రచురించారు. ఆ నీటికున్న గొప్ప గుణం నిలకడ. బ్రిటన్‌లోని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఇంకో విషయం చూపించారు. నత్రజని ఉండి ఫాస్ఫేట్ కరువైతే పగడాలు వేడికి, వెలుతురుకు త్వరగా తెల్లబడిపోతాయి. ఫాస్ఫేట్‌ను పీల్చే మందులు వేసి సున్నా చూపించుకునే పెంపకందారులు తమ పగడాలను పస్తులు పెడుతున్నట్టే.

పెద్ద మోతాదులో నీళ్లు మార్చాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. చేప చచ్చి కుళ్లి అమ్మోనియా కనిపించినప్పుడు, చేపల జబ్బుకు వాడే రాగి మందు పొరపాటున పడినప్పుడు సగం దాకా మార్చక తప్పదు. అందుకే కొంత శుద్ధమైన నీరు, ఉప్పు ఎప్పుడూ ఇంట్లో నిల్వ ఉండాలి. వేసవి వేడికి మాత్రం నీటి మార్పిడి మందు కాదు. తెలంగాణ, రాయలసీమ ఎండల్లో గదిలోని తొట్టి సులభంగా 30 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి అలాగే కొనసాగితే పగడాలు నాచును వదిలేసి తెల్లబడతాయి. నీటిపైకి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరి కూడా అంతకంతా పెరుగుతుంది కాబట్టి ఆ నెలల్లో మంచినీరు నింపడం మరవకూడదు. కరెంటు పోతే నీరు కదలక ఆక్సిజన్ తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి దగ్గరుంటే ఆ గండం గడుస్తుంది.

ఇక పగడాలు తెచ్చుకునే సంగతి. గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలను మన దేశం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. మన సముద్రాల నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. గట్టి పగడాల అంతర్జాతీయ వ్యాపారం కూడా అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద అనుమతి పత్రాలతోనే జరగాలి. తొట్టిలో పెంచిన పగడం నుంచి కోసిన చిన్న ముక్క మళ్లీ పెరుగుతుంది కాబట్టి సముద్రాన్ని ముట్టుకోకుండానే ఈ అభిరుచి కొనసాగవచ్చు. పత్రాలు చూపలేని దుకాణంలో పగడం ఎంత చవకగా వచ్చినా వదిలేయాలి. పగడాలు పెంచాలని ఆశపడే శ్రోతలు ముందు రాళ్లు, ఇసుక, ఉప్పునీటితో తొట్టిని రెండు మూడు నెలలు నడపండి. వారం వారం నీళ్లు మార్చండి, ఉప్పదనం, క్షారత కొలిచి రాసుకోండి. ఆ అంకెలు వరుసగా కొన్ని వారాలు కదలకుండా నిలిచాక, మెత్తని పగడం ఒక్కదానితో మొదలుపెట్టండి.